ఆముదం పూసిన స్కీలు

ఆదోనిలో మంచు పడదు. ఈ సంగతి నాకు తెలియదనుకుని చెప్పినవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు. బ్యాంకులో క్యాషియరు చెప్పాడు. కింద వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ చెప్పింది. ఢిల్లీ పార్సిల్‌ను మేడ మీదికి మోసుకొచ్చిన మనిషి, లోపల ఏముందో విని, చెమట తుడుచుకుంటూ మరీ చెప్పాడు. నేను పుట్టింది ఎమ్మిగనూరులో. ఎండాకాలం రాకముందే తారురోడ్డు చెప్పులకు అంటుకునే ఊళ్ళివి. ఇక్కడ మంచు పడదని నాకు ఒకరు చెప్పాలా?

ఆ పార్సిల్‌లో వచ్చినవి స్కీలు. మంచు మీద జారడానికి కాళ్ళకు బిగించుకునే పొడవాటి సన్నని పలకలు. మామూలు స్కీకి ముందు కొస ఒక్కటే పైకి వంగి ఉంటుంది. వీటికి వెనక కొస కూడా వంగి ఉంటుంది. ట్విన్ టిప్ అంటారు. ముందుకు ఎంత సులువుగా పోతాయో వెనక్కీ అంతే సులువుగా పోతాయి. పడుచువాళ్ళు గాలిలో గిరికీలు కొట్టి ఆడుకోవడానికి వీటిని కొంటారు. నలభై దాటి, ఒక మోకాలు అరిగి, తుపాకీ పట్టుకుని బ్యాంకు వాకిట కూర్చునే నాకు అవెందుకని అడిగితే తప్పు లేదు. అడిగే తీరే నాకు నచ్చలేదు.

సైన్యంలో ఉండి వచ్చాను. అక్కడుండగానే పెళ్ళి ఈడు దాటిపోయింది. ఒకటి రెండు సంబంధాలు చూశారు. నాకు సెలవు దొరికే లోపల వాళ్ళు వేరే చోట కుదుర్చుకున్నారు. తిరిగొచ్చాక ఆదోనిలో ఈ బ్యాంకు కాపలా దొరికింది, స్టేషన్‌కు దగ్గర్లో మేడ మీద ఒక గది దొరికింది. ఆదివారం పూట బస్సెక్కి ఎమ్మిగనూరు పోయి అక్క చేతి వంట తిని వస్తాను. బావ పోయినప్పటి నుంచి అక్క ఒక్కతే. పొద్దున గుంత మగ్గంలోకి దిగితే మధ్యాహ్నం దాకా పైకి లేవదు. మగ్గం చప్పుడు ఆగినప్పుడు నన్ను నాలుగు మాటలు అడుగుతుంది, నేను రెండింటికి జవాబు చెబుతాను. మిగతా వారమంతా నా నోట్లోంచి వచ్చేవి రెండే మాటలు. "లైన్లో నిలబడండి", "టోకెన్ తీసుకోండి". ఒంటరిగా ఉందా అని ఎవరైనా అడిగి ఉంటే కసురుకునేవాణ్ణి. కానీ ఉంది.

మంచు గురించి మాట్లాడటానికి నాకు ఈ భూమ్మీద ఒక్కడే మనిషి. వాడు గఢ్వాలీ. సైన్యంలో మమ్మల్ని ఇద్దరిద్దరిని జత చేసేవారు. ఒకడి ప్రాణం ఇంకొకడి పూచీ. వాడు నా జోడీ. నేను తెలుగువాణ్ణని వాడికి ఎన్నిసార్లు చెప్పినా, కోపం తెచ్చుకున్నా, వాడు నన్ను మద్రాసీ అనే పిలిచాడు. ఇప్పటికీ అంతే.

మొదటి చలికాలం మమ్మల్ని స్కీలు నేర్చుకోవడానికి పైకి పంపారు. అంతకుముందు నేను చూసిన మంచు ఫ్రిజ్‌లో గడ్డకట్టిందే. కాళ్ళకు స్కీలు కట్టి వాలు అంచున నిలబెట్టారు. కింద లోయ. నా మోకాళ్ళు వణకడం నాకే కనిపిస్తూ ఉంది. వెనక నుంచి ఉస్తాదు తిడుతున్నాడు, తోటివాళ్ళు నవ్వుతున్నారు. అప్పుడు వాడు నాకు ఎదురుగా వచ్చి, వీపును లోయవైపు తిప్పి నిలబడ్డాడు.

"కిందికి చూడకు. నా ముఖం చూడు," అన్నాడు.

అలా నా ముఖంలోకి చూస్తూ వెనక్కి జారడం మొదలుపెట్టాడు. నేను వాడి ముఖాన్నే పట్టుకుని దిగాను. మా సైన్యం స్కీలు బండవి, వాటి వెనక కొస తిన్నగా కోసినట్టు ఉండేది. వెనక్కి జారితే ఆ కొస మంచులో దిగబడుతుంది. వాడు నాలుగు గజాలకోసారి వెల్లకిలా పడ్డాడు. పడిన ప్రతిసారీ లేచి, మళ్ళీ నాకు ఎదురుగా నిలబడ్డాడు. ఆ చలికాలమంతా అదే పని. వాడి వీపు నిండా కమిలిన మచ్చలు. నేను జారడం నేర్చుకున్నాను.

తర్వాత కొన్నేళ్ళకు, బావ పోయాడని నేను ఎమ్మిగనూరు వచ్చి ఉన్నప్పుడు, వాడు నడిపిస్తున్న జట్టు మీద వాలు మీది మంచు తెగి పడింది. వాణ్ణి మంచులోంచి తవ్వి తీశారు. వాడి వెనక ఉన్న మనిషిని తీసేసరికి ఆలస్యమైంది. తప్పు వాడిది కాదని అందరూ చెప్పారు, కాగితాల మీద కూడా రాశారు. వాడు మాత్రం ఆ తర్వాత మంచు మీద కాలు పెట్టలేదు. రిటైరై తన కొండ ఊరికే పోయాడు. పెళ్ళాం బిడ్డలు చదువుల కోసం కింద మైదానంలో ఒక ఊరు చేరారు. వీడు మాత్రం ఆ ఇంట్లోనే ఉన్నాడు. మంచు పడే నెలల్లో వాకిలి తీయడు. తిండి సామాను ముందే తెచ్చి పెట్టుకుంటాడు.

ఆదివారాలు ఎమ్మిగనూరు నుంచి తిరిగొచ్చాక సాయంత్రం మేడ మీద నిలబడి వాడికి ఫోన్ చేసేవాణ్ణి. ముందు గంటసేపు మాట్లాడేవాడు. అది తగ్గుతూ తగ్గుతూ చివరికి ఊఁ కొట్టడం దగ్గరికి వచ్చింది. నిరుడు ఎండాకాలం ఒక ఆదివారం, కిటికీకి గోనెపట్టా కొట్టేశానని చెప్పాడు. చలికాలంలో మంచు కనబడకుండానట. ఇంకో చలికాలం గడిపి ఇల్లు అమ్మేసి మైదానానికి దిగిపోతానన్నాడు. సరే, బిడ్డల దగ్గరికే కదా పోతావు, మంచిదే అన్నాను.

"ఇక్కడే పుట్టాను మద్రాసీ. భయపడి దిగిపోతున్నాను," అన్నాడు.

ఆ మాట నన్ను నిద్ర పోనివ్వలేదు. దిగిపోతే పోనీ, కానీ అలా కాదు. ఇల్లు అమ్మే లోపల వాణ్ణి ఒక్కసారి, ఒకే ఒక్కసారి, వాడి ఇంటి పైనున్న పచ్చిక వాలు మీద మంచులో నిలబెట్టాలి. వాడికి ఎదురుగా నేను నిలబడాలి. వెనక్కి జారుతూ వాణ్ణి దింపాలి. ఇంకెవరు దింపుతారు? అందుకు నాకు రెండు కొసలూ వంగిన స్కీలు కావాలి. నా అరిగిన మోకాలితో వాటిని కట్టుకుని కొండెక్కాలి కాబట్టి అవి తేలిగ్గా ఉండాలి. ఇదీ సంగతి. ఇది క్యాషియరుకు ఏమని చెప్పేది?

ఎంచుకోవడానికి ఎండాకాలమంతా పట్టింది. మధ్యాహ్నం బ్యాంకులో జనం పలచబడ్డాక ఫోన్‌లో వీడియోలు చూసేవాణ్ణి. కొండ ఎక్కేవాళ్ళకు చేసే స్కీలు తేలికే, కానీ వెనక కొస తిన్నగా ఉంటుంది. దానికి కారణం ఉంది. ఎక్కేటప్పుడు స్కీ అడుగున స్కిన్ అనే బొచ్చుపట్టీ అంటిస్తారు. ఒకవైపు జిగురు, ఇంకోవైపు వెనక్కి వాలిన బొచ్చు. ముందుకు జారనిస్తుంది, వెనక్కి జారనివ్వదు. ఆ పట్టీ కొక్కెం తిన్నని కొసకే బాగా పడుతుంది, వంగిన కొస మీద ఊడొస్తుంది. ఇక ఆటకు చేసే ట్విన్ టిప్‌లు ఉన్నాయి. అవి ఎక్కడ పడితే అక్కడ తిరుగుతాయి, వెనక్కి వెన్నలా పోతాయి, కానీ ఇనుప దూలాలంత బరువు. వాటిని కట్టుకుని కొండెక్కితే మనిషి పైకి చేరేలోపే ముసలివాడవుతాడు. రెండు గుణాలూ ఉన్నవి లేవా అంటే, ఉన్నాయి. లోపల తేలికైన చెక్క, మధ్యలో కొంచెం వెడల్పు, రెండు కొసలూ వంపు. గట్టిపడిన మంచు మీద మాత్రం గడగడలాడిస్తాయట. తేలిక కావాలంటే ఆ వణుకు భరించాలి. నాకు వేగం అక్కర్లేదు కాబట్టి ఆ వణుకు నాకు లెక్కలేదు.

ఢిల్లీలో మంచు సామాను తెప్పించే దుకాణమతనికి ఫోన్ చేశాను. ఏ కొండ, ఎంత వాలు, ఎంత వేగం అని వరసగా అడిగాడు. వేగం వద్దు, వెనక్కి పోవాలి అన్నాను. దూకుతారా అని అడిగాడు. దూకను. మరి ఆడుకుంటారా? ఆడుకుంటాను అని చెప్పడానికి నోరు రాలేదు. సైన్యంలో మాకు స్కీలంటే మోత, కాపలా, శవాలను దించడం. ఆట అనే మాట వాటి పక్కన ఎన్నడూ వినలేదు. చివరికి, అవునయ్యా, ఆడుకుంటాను, నీకేమైనా కష్టమా అన్నాను. అతను నవ్వి, తన దగ్గర ఒకే జత ఉందని, నా ఎత్తుకు ఒక వేలు పొట్టి అని చెప్పాడు. పొట్టివైతే తిప్పడం సులువు, బరువూ తగ్గుతుంది. అవే పంపమన్నాను. చిరునామా రాసుకుంటూ ఆదోని అంటే ఏ లోయలో ఉందని అడిగాడు.

అప్పటి నుంచి పొద్దున్నే డ్యూటీకి ముందు కోటకొండ ఎక్కేవాణ్ణి. వీపున సంచిలో ఇసుక. మోకాలు ముందు అరిచింది, తర్వాత మూలిగింది, తర్వాత ఊరుకుంది. దిగేటప్పుడు, జనం లేని చోట చూసుకుని, వెనక్కి నడిచేవాణ్ణి. ఒకరోజు మేకలు కాసే ఒక పెద్దాయన చూసి, ఏమన్నా మొక్కుబడి ఉండాదా అప్పా అని అడిగాడు. ఉండాది అన్నాను. ఏ దేవునికి అని అడగలేదు, ఆయన మర్యాద ఆయనది. బ్యాంకులో క్యాషియరు మాత్రం వదల్లేదు. పార్సిల్ వచ్చిన సంగతి వాడికి ఎట్లా తెలిసిందో! "అన్నా, మంచంటే మన మార్కెట్ యార్డులో పత్తి మాదిరే ఉంటాదా?" అని రోజూ ఒకే ప్రశ్న. కాదు అన్నాను. మరెట్లుంటాది అంటాడు. పత్తి మాదిరి ఉండదు అంతే. కందకు లేని దురద కత్తిపీటకెందుకో నాకు అర్థం కాదు.

స్కీలను నా గదిలో పెట్టే చోటు లేదు. అడ్డంగా పెడితే తలుపు పడదు, నిలువుగా పెడితే ఫ్యాను తగులుతుంది. అందుకని బస్సు పైన వేసుకుని ఎమ్మిగనూరు తీసుకుపోయాను. అక్క మగ్గం గుంతలోంచి తల ఎత్తి చూసి, "ఇంత పొడుగుండాయి, ఈటితో యాడికి పోతావురా?" అంది. కొండకు అన్నాను. ఎవరున్నారు ఆడ అంది. అప్పుడు చెప్పాను. వాడి సంగతి, వాలు తెగిన సంగతి, గోనెపట్టా సంగతి అన్నీ చెప్పాను. ఇన్నేళ్ళలో అక్కకు నేను అంతసేపు చెప్పిన మాట అదొక్కటే. అక్క పేక నూలు చుట్టుకుంటూ విన్నది. మంచు ఎట్లుంటాదని అడిగింది. మన యార్డులో పత్తి మాదిరే ఉంటాది అక్కా అని చెప్పాను. తర్వాత అక్క ఒక స్కీని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, రెండు కొసలూ తడిమి, నాడె మాదిరే ఉందే అని మగ్గం పక్కన గోడకు నిలబెట్టింది. నాడె అంటే మగ్గంలో పేక నూలును అటూ ఇటూ మోసుకుపోయేది, దానికీ రెండు కొసలూ ఒకే తీరుగా ఉంటాయి.

దసరాకు మా సాలోళ్ళ ఇళ్ళలో మగ్గానికి పూజ చేస్తారు. ఆ రోజు నేత ఉండదు. నాడె, పన్నె, రాట్నం అన్నీ కడిగి, తుడిచి, చెక్కసామానుకు ఆముదం పట్టించి, పసుపు కుంకుమ పెట్టి వరసగా పేరుస్తారు. ఆ రోజు నాకు బ్యాంకులో డ్యూటీ పడింది. బ్యాంకులోనూ నా తుపాకీకి బొట్టు పెట్టి నిమ్మకాయ కోశారు. సాయంత్రం బస్సులో అక్క ఇంటికి చేరేసరికి పూజ అయిపోయింది. మగ్గం పక్కన గోడకు నా స్కీలు లేవు. ఎక్కడని అడిగితే మూలకు చూపించింది. తను నేసిన దుప్పటి గుడ్డతో వాటి పొడవునా సంచి కుట్టి, లోపల పెట్టి, పైన మూడు చోట్ల నాడాలతో ముడులు వేసి ఉంచింది. ఎర్ర అంచు, మధ్యలో నీలం గళ్ళు. నా కోసమని ఎవరైనా ఒక వస్తువు చేసి చాలా ఏళ్ళయింది. ఆ ముడులు విప్పబుద్ధి కాలేదు. విప్పి చూసుకోవాలని తెలుసు. జనవరిలో రైలెక్కినప్పుడు కూడా విప్పలేదు.

ఆదోని స్టేషన్లో ఆ గళ్ళ సంచిని చూసి వీణా, తంబురా అని ఒకాయన అడిగాడు. అవునన్నాను. రెండు రైళ్ళు, రెండు బస్సులు, ఒక జీపు. జీపు ఆగిన చోటి నుంచి మంచులో నడక. ఎన్నో ఏళ్ళకు ముక్కు లోపల ఆ చలి మళ్ళీ గుచ్చుకున్నప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చలికే అనుకుందాం.

వాడు వాకిలి తీశాడు. గడ్డం తెల్లబడింది. నన్ను పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత నా వీపు మీద సంచి చూశాడు, అందులో ఏముందో ఆ పొడవును బట్టే తెలిసిపోయింది. వాడి చేతులు కిందికి జారాయి. లోపలికి తీసుకుపోయి టీ ఇచ్చాడు, రొట్టెలు కాల్చి పెట్టాడు, బిడ్డల ఫోటోలు చూపించాడు. ఇంట్లో సగం సామాను కట్టేసి ఉంది. కిటికీకి గోనెపట్టా అలాగే ఉంది, పట్టపగలు దీపం వేసుకుని కూర్చున్నాం. నేను వచ్చిన పని చెప్పాను. వాడు తల అడ్డంగా ఊపాడు. బతిమిలాడాను. ఊపాడు. కోపం వచ్చింది నాకు. నీ కోసం ఆదోని నుంచి ఈ వయసులో ఇంత దూరం వస్తే అని అరిచాను. నేను రమ్మనలేదు కదా అన్నాడు. అది నిజమే.

మర్నాడు పొద్దున ఎండ కాసింది. నేను ఒక్కణ్ణే పోయి వస్తానన్నాను. వాడు పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. పచ్చిక వాలు వాడి ఇంటికి వెనకే, పెద్ద ఎత్తు కాదు. పైన తెగి పడేంత మంచు మోసే కొండ ఏదీ లేదు, అది ముందే విచారించుకున్నాను. కొంచెం పైకి నడిచి, చదునుగా ఉన్న చోట సంచి దించి, అక్క వేసిన ముడులు ఒక్కొక్కటే విప్పాను. పైభాగాన పసుపు, దాని మీద ఎండిన కుంకుమ బొట్లు. నవ్వొచ్చింది. స్కిన్ అంటిద్దామని స్కీని బోర్లించాను.

అడుగంతా జిగట. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. ఆముదం.

అక్క అడుగుకు ఆముదం పట్టించింది. ఆ కొస నుంచి ఈ కొస దాకా, ఒక్క వేలెడు చోటు విడవకుండా. అది గడ్డకట్టే చలిలో జున్నులా పేరుకుని ఉంది. జిగురు దానికి అంటుకుంటుందా? అంటిస్తే ఊడింది. తుడిచి అంటిస్తే నాలుగు అడుగుల తర్వాత ఊడింది. బస్ పాసు అట్టతో గీకాను. మఫ్లరుతో తుడిచాను. అసలే వంగిన కొస మీద నిలవని పట్టీ, ఇక ఎందుకు నిలుస్తుంది? చేతులు మొద్దుబారాయి. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని మా నాయన అనేవాడు. కొండల్లో పుట్టినవాడే మంచుకు దడుచుకుని తలుపులు మూసుకుంటే, ఎమ్మిగనూరు సాలోడికి ఎందుకీ గోల? స్కీలు పక్కన పడేసి మంచులో చతికిలబడ్డాను. చుట్టూ తెలుపు, ఒక కాకి కూడా లేదు. ఎవరూ లేరు నాకు అని పైకే అన్నాను, తెలుగులో. ఆ మాట అర్థమయ్యే మనిషి కొన్ని వందల మైళ్ళ దాకా లేడు. తల మోకాళ్ళ మధ్య పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు.

తల ఎత్తేసరికి కింద ఇంటి కిటికీలో గోనెపట్టా ఒక పక్కకు తొలగి ఉంది. ఇంకాసేపటికి వెనక తలుపు తెరుచుకుంది. వాడు గడప మీద నిలబడ్డాడు. చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. తర్వాత కాలు బయట పెట్టాడు. గమ్ బూట్లు, ఒంటి మీద కంబళి. నేను తొక్కిన అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ, తల ఎత్తకుండా పైకి వచ్చాడు. నేను లేవలేదు, పిలవలేదు. పిలిస్తే ఆగిపోతాడేమోనని నాకు భయం.

"కాలు విరిగిందా?" అన్నాడు దగ్గరికి వచ్చి. రొప్పుతున్నాడు.

లేదన్నాను. స్కీ చేతికిచ్చాను. వాడు అడుగు తడిమి, వేలు వాసన చూసి, ఇదేమిటని అడిగాడు. ఆముదం, మా అక్క పూసింది, పూజ చేసి పూసింది అన్నాను. వాడు బొట్లు చూశాడు, గళ్ళ సంచి చూశాడు, నన్ను చూశాడు. నవ్వడం మొదలుపెట్టాడు. కడుపు పట్టుకుని మంచులో కూలబడి నవ్వాడు. ఆ నవ్వు నేను విని ఎన్నేళ్ళయిందో. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, సైన్యంలో చేసినట్టే చేశాడు. సంచి నాడాలు ఊడబెరికి, స్కిన్‌ల మీదుగా స్కీల చుట్టూ నాలుగు చోట్ల బిగించి కట్టాడు. నేను కట్టుకుని ఎక్కాను. వాడు నా పక్కన కాలినడకన ఎక్కాడు. ఎందుకు వస్తున్నావని నేను అడగలేదు.

పైకి చేరాక వెనక్కి తిరిగి లోయను చూశాడు. అంతే, ముఖం పాలిపోయింది. మోకాళ్ళు వణుకుతున్నాయి. ఒకప్పుడు నావి ఎలా వణికాయో అచ్చం అలాగే. మెల్లగా కూర్చోబోయాడు. నేను నాడాలు విప్పి, స్కిన్‌లు లాగేసి, వాడికి ఎదురుగా పోయి, లోయవైపు వీపు పెట్టి నిలబడ్డాను.

"కిందికి చూడకు. నా ముఖం చూడు," అన్నాను.

వాడు ఒక అడుగు వేశాడు. నేను అడుగంత వెనక్కి జారాను. జారడానికని అక్క పూసిన ఆముదం నన్ను జారనివ్వలేదు. చలికి చిక్కబడి, మంచును పట్టుకుని, స్కీలను ఎడ్లబండిలా నడిపించింది. ఆముదం లేని స్కీలైతే నేను సర్రున కిందికి పోయి ఉండేవాణ్ణి, వాడు పైన ఒక్కడే మిగిలేవాడు. ఇప్పుడు మా ఇద్దరికీ మధ్య చెయ్యి చాపితే అందేంత దూరమే. వాడు నడిచాడు, నేను జారాను. వెనక కొస ఎక్కడా దిగబడలేదు. నేను ఒక్కసారి కూడా పడలేదు. వాడు నా కోసం పడిన పాట్లన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. సగం దిగాక వాడు మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆ రోజు వెనక ఉన్న మనిషి గురించి, అతను పాడే పాట గురించి, ముందు రోజు తన దగ్గర బీడీ అడిగి తీసుకున్న సంగతి గురించి. నాకు ఎప్పుడూ చెప్పలేదు. వాడి గడ్డం తడిసిపోయింది. ఇంటి గోడకు నా వీపు తగిలే దాకా వాడు నా ముఖం మీది నుంచి చూపు తీయలేదు.

వాడు స్కీలు కట్టుకోలేదు. కట్టుకోమని నేనూ అనలేదు. నేనున్న నాలుగు రోజులూ కిటికీకి గోనెపట్టా మాత్రం లేదు. ఎండాకాలంలో ఇల్లు అమ్మేసి బిడ్డల దగ్గరికి పోయాడు. అక్కడ పెద్ద ఊరు, వాడికి బజారులో చిన్న పని దొరికింది. ఆదివారాలు ఫోన్ ఎత్తడానికి తీరిక ఉండదు. ఎత్తినా వెనక ట్రాఫిక్ రొద. బాగున్నాడు. బాగుండాలనే కదా పోయింది. ఇక మంచు గురించి మాట్లాడేవాడు లేడు. మేడ మీద నిలబడి ఫోన్ చేతిలో పెట్టుకుని, రైళ్ళు పోతుంటే చూసి, గదిలోకి వచ్చేస్తాను.

కొండ నుంచి తిరిగొచ్చిన మొదటి ఆదివారమే అక్క అడిగింది. మగ్గం ఆపి మరీ అడిగింది. "నూనె పనికొచ్చిందా అప్పా? జారేదానికి నూనె పూయకపోతే ఎట్లని నేనే పూసినా."

"వచ్చింది అక్కా. అదే పనికొచ్చింది."

ఈ దసరాకు బ్యాంకులో బతిమిలాడి సెలవు తీసుకున్నాను. అక్క నాడెలు కడిగి వరసగా పెట్టి, గిన్నెలో ఆముదం తెచ్చింది. ఇక ఆ స్కీలను కట్టుకుని పోవడానికి నాకు ఏ కొండా లేదు, పైన ఎదురుచూసే మనిషీ లేడు. గళ్ళ సంచిలోంచి వాటిని తీసి, అడుగు పైకి వచ్చేలా బోర్లించి, ఆమె ముందు పెట్టాను.